కంపెనీ ఉద్యోగానికి దారి: మన పిల్లలు ఎక్కాల్సిన మెట్లు



ఒక పేద పిల్లవాడికి డిగ్రీ ఫీజు కట్టినవారు మూడు నాలుగేళ్ల తర్వాత ఎదురుచూసేది ఒక్క కబురు కోసమే: "ఉద్యోగం వచ్చింది" అని. చాలా ఇళ్ల నుంచి ఆ కబురు వస్తోంది, అల్‌హమ్దులిల్లాహ్. కొన్ని ఇళ్ల నుంచి మాత్రం చదువు పూర్తయి ఏడాది, రెండేళ్లు గడిచినా రావడం లేదు. బీటెక్, బీకాం, బీఎస్సీ పట్టాలున్న పిల్లలు మొబైల్ దుకాణాల్లో, బట్టల షాపుల్లో కుదురుకుంటున్నారు. నిజాయితీగా చేసే ఏ పనీ చిన్నది కాదు. అయితే చదువుకు తగిన ఉద్యోగం ఎందుకు రాలేదని వాళ్లను కూర్చోబెట్టి అడిగితే, తెలివి తక్కువై ఆగిపోయినవారు కొద్దిమందే కనిపిస్తారు. కంపెనీలు మనుషుల్ని ఎలా ఎంచుకుంటాయో ఆ ఇంట్లో ఎవరికీ తెలియక ఆగిపోయినవారే ఎక్కువ.

ప్రభుత్వ ఉద్యోగం దారి మనకు తెలుసు. నోటిఫికేషన్, హాల్‌టికెట్, పరీక్ష, మెరిట్ లిస్టు, రోస్టర్ పాయింటు. 2007 నుంచి ఉన్న బీసీ-ఈ 4 శాతం రిజర్వేషన్ సర్టిఫికెట్ ఎక్కడ, ఎలా తీసుకోవాలో మన పెద్దలు కళ్లు మూసుకుని చెప్పగలరు. ప్రైవేటు కంపెనీ ఆ సర్టిఫికెట్ అడగదు. మార్కుల జాబితా గోడకు అంటించదు. ఎందుకు తీసుకోలేదో కూడా చెప్పదు. అందుకే ఆ దారిలో ఏ మెట్టు దగ్గర ఏమి అడుగుతారో ముందుగా తెలిసినవారికి, తెలియనివారికి మధ్య చాలా తేడా ఉంటుంది. ఎన్నో ఏళ్లుగా లెక్కల పాఠం చెబుతున్న ఉపాధ్యాయుడిగా నేను చెప్పదలచినది ఒక్కటే: ఈ మెట్లలో ఎక్కువ భాగం నేర్పితే వచ్చేవే, తక్కువ ఖర్చుతో నేర్పగలిగేవే. మనం ఇచ్చే ఫీజు సాయం చివరి సంవత్సరంలో ఈ మెట్ల దాకా కూడా రావాలి.

హైదరాబాదులోని ఐటీ కంపెనీలు కొత్త పట్టభద్రులను తీసుకునే తీరును ఉదాహరణగా తీసుకుంటాను. బ్యాంకులు, కాల్ సెంటర్లు, మందుల కంపెనీలు కొద్ది మార్పులతో ఇదే వరుసను పాటిస్తాయి.

మొదటి మెట్టు: అర్హత, దరఖాస్తు

పెద్ద కంపెనీల నియామకాలు చదువు అయిపోయాక మొదలవుతాయని మనవాళ్లు అనుకుంటారు. నిజానికి అవి చివరి సంవత్సరం మొదట్లోనే మొదలవుతాయి. కొన్ని అంతకుముందే. పేరున్న కాలేజీలకు కంపెనీలే వస్తాయి. దీన్నే క్యాంపస్ సెలక్షన్ అంటారు. చిన్న ఊళ్ల కాలేజీలకు అవి రావు. అక్కడి పిల్లలు ఆఫ్ క్యాంపస్ దారిలో, అంటే కంపెనీ వెబ్‌సైటులోని కెరీర్స్ పేజీ, నౌక్రీ, లింక్డ్‌ఇన్ వంటి వేదికల ద్వారా తామే దరఖాస్తు చేసుకోవాలి. టీసీఎస్ 2018లో మొదలుపెట్టిన నేషనల్ క్వాలిఫయర్ టెస్టు వంటి పరీక్షల వల్ల కర్నూలులో చదివినా, నిజామాబాదులో చదివినా ఒకే ప్రశ్నపత్రం రాసే వీలు కలిగింది.

ఈ మెట్టులో జల్లెడ పట్టేది అంకెలే. పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మూడింటిలోనూ 60 శాతం ఉండాలని చాలా కంపెనీలు కోరతాయి. బ్యాక్‌లాగులు మిగిలి ఉండకూడదు. చదువు మధ్యలో ఖాళీ ఏళ్లు ఉంటే కారణం చూపాలి. పదో తరగతిలో 58 శాతం వచ్చిన పిల్లవాడు తర్వాత బీటెక్‌లో ఎంత బాగా చదివినా కొన్ని తలుపులు తెరుచుకోవు. కాబట్టి ఈ మెట్టుకు సన్నాహం తొమ్మిదో తరగతిలోనే మొదలవుతుందని తల్లిదండ్రులకు చెప్పాలి.

60 శాతం లేనివారికి దారులన్నీ మూసుకుపోవు. మధ్యస్థాయి కంపెనీలు, అప్రెంటిస్‌షిప్‌లు ఉన్నాయి. బీఎస్సీ, బీసీఏ వాళ్లను జీతమిచ్చి పైచదువు చదివించే విప్రో విల్ప్, ఇంటర్ పూర్తయినవారికి పని నేర్పే హెచ్‌సీఎల్ టెక్‌బీ వంటి పథకాలూ ఉన్నాయి. వీటికీ అర్హత నిబంధనలు ఉంటాయి, అవి ఏటా మారుతుంటాయి. కంపెనీ సొంత పేజీలోనే చూసుకోవాలి.

ఇంకో చిన్న విషయం చాలామంది కొంప ముంచుతోంది. ఇంటర్నెట్ సెంటర్ వాడు తయారుచేసి ఇచ్చిన ఈమెయిల్, పాస్‌వర్డు గుర్తుండదు. ఫోన్ నంబరు అబ్బాది. రీఛార్జి అయిపోతే ఆ నంబరు పనిచేయదు. పరీక్ష తేదీ మెయిల్‌లో వచ్చి పడి ఉంటుంది, చూసేవారుండరు. ప్రతి పిల్లవాడికీ, పిల్లకూ తన పేరుతో ఒక మెయిల్, మారని ఒక నంబరు ఉండాలి. ఇన్‌బాక్సుతో పాటు స్పామ్ పెట్టెను కూడా రోజూ చూసే అలవాటు ఉండాలి.

రెండో మెట్టు: రెజ్యూమే

పాతకాలపు బయోడేటాలో తండ్రి పేరు, మతం, పెళ్లి వివరం, పుట్టుమచ్చలు తప్ప అన్నీ రాసేవాళ్లం. ఇప్పటి రెజ్యూమేకు అవేవీ అవసరం లేదు. ఫొటో కూడా అడిగితేనే పెట్టాలి. కొత్తవారికి ఒక్క పేజీ చాలు. పేరు, ఫోన్, మెయిల్, ఊరు, చదువు, వచ్చిన నైపుణ్యాలు, చేసిన ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్. అంతే.

పెద్ద కంపెనీలకు వేల సంఖ్యలో దరఖాస్తులు వస్తాయి కాబట్టి మొదట వాటిని చదివేది సాఫ్ట్‌వేర్. ప్రకటనలో "జావా, ఎస్‌క్యూఎల్" అని ఉంటే ఆ మాటల కోసం అది వెతుకుతుంది. రంగురంగుల పెట్టెలు, బొమ్మలు ఉన్న నమూనాలను అది సరిగా చదవలేకపోవచ్చు. అందుకే సాదాగా, పీడీఎఫ్ రూపంలో, ప్రకటనలో అడిగిన మాటలు తన దగ్గర నిజంగా ఉంటే వాటిని అదే పేరుతో రాయాలి. రానిది రాయకూడదు. రాసిన ప్రతి మాట మీదా తర్వాత ప్రశ్న వస్తుంది.

మూడో మెట్టు: ఆన్‌లైన్ పరీక్ష

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. నేర్పడానికి సులువైన మెట్టు కూడా ఇదే. సాధారణంగా ఇందులో లెక్కలు, తర్కం, ఇంగ్లీషు, సాంకేతిక ఉద్యోగాలకైతే కోడింగ్ ఉంటాయి. లెక్కల భాగం పేరు ఆప్టిట్యూడ్. పేరు కొత్తదే గాని సరుకు పాతదే. శాతాలు, లాభనష్టాలు, నిష్పత్తి, కాలం-పని, కాలం-దూరం. ఇవన్నీ ఏడో తరగతి నుంచి పదో తరగతి లోపు మేం బోర్డు మీద చెప్పే పాఠాలే.

తేడా సమయంలో ఉంది. ఒక లెక్క చూడండి. ఒక పనిని ఒకరు 12 రోజుల్లో, మరొకరు 6 రోజుల్లో చేస్తారు. ఇద్దరూ కలిసి చేస్తే ఎన్ని రోజులు? బడిలో నేర్పినట్టు ఒకటి బై పన్నెండు, ఒకటి బై ఆరు కలిపి, తిరగేసి చేస్తే జవాబు వస్తుంది గాని రెండు నిమిషాలు పడుతుంది. పరీక్షలో ఒక్కో ప్రశ్నకు దొరికేది దాదాపు ఒక నిమిషం. మొత్తం పనిని 12 భాగాలనుకుంటే మొదటివారు రోజుకు 1 భాగం, రెండోవారు 2 భాగాలు చేస్తారు. కలిసి రోజుకు 3. పన్నెండును మూడుతో భాగిస్తే 4 రోజులు. ఇది నోటిలెక్కగా పావు నిమిషంలో అయిపోతుంది. ఈ పద్ధతి తెలియడానికి గొప్ప తెలివి అక్కర్లేదు. ఆదివారం ఆదివారం ఎవరో ఒకరు కూర్చోబెట్టి గడియారం ముందు పెట్టుకుని చేయిస్తే నాలుగైదు నెలల్లో చేయి తిరుగుతుంది.

రెండో ఇబ్బంది ఇంటిది. చాలా కంపెనీలు ఈ పరీక్షను ఇంటి నుంచే రాయిస్తాయి. కంప్యూటర్‌కు కెమెరా, మైకు ఉండాలి. పరీక్ష జరుగుతున్నంతసేపూ అవి గమనిస్తుంటాయి. వెనక మరో మనిషి కనిపించినా, ఇంకో గొంతు వినిపించినా, తెర మీద మరో పేజీ తెరిచినా హెచ్చరిక వస్తుంది. అలా పదేపదే జరిగితే పరీక్ష రద్దు కావచ్చు. ఒకే గదిలో ఆరుగురుండే ఇంట్లో, పక్కనే కుట్టుమిషను నడుస్తుండగా, కరెంటు పోతే ఇన్వర్టరు లేని చోట ఆ గంటన్నర ఎలా గడుస్తుందో ఆలోచించండి. అలాంటి ఇంటి పిల్ల పరీక్షలో తప్పితే ఆమెకు లెక్కలు రావని ఎలా అంటాం?

నాలుగో మెట్టు: మాట్లాడటం

ఇదివరకు బృంద చర్చలు ఎక్కువగా ఉండేవి. ఇప్పుడు చాలాచోట్ల, ముఖ్యంగా కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగాలకు, కంప్యూటరే ఇంగ్లీషు ఉచ్చారణను, ధారాళతను కొలిచే పరీక్షలు పెడుతున్నారు. ఒక వాక్యం వినిపిస్తుంది, తిరిగి చెప్పాలి. ఒక చిన్న కథ వినిపిస్తుంది, సొంత మాటల్లో చెప్పాలి.

ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు అన్నట్టు పెరిగిన మన పిల్లలకు మూడు భాషలు వస్తాయి. అది లోపం కాదు, బలం. కాకపోతే ఇంగ్లీషు వాళ్లకు చూపుకే అలవాటు, నోటికి కాదు. రోజూ పావుగంట బిగ్గరగా చదవడం, చదివినదాన్ని ఫోన్‌లో రికార్డు చేసుకుని వినడం అనే రెండు పనులు ఆరు నెలలు చేస్తే మార్పు తెలుస్తుంది. యాస మార్చుకోనక్కర్లేదు. స్పష్టంగా, తొందరపడకుండా మాట్లాడితే చాలు.

అయిదో మెట్టు: ఇంటర్వ్యూలు

సాధారణంగా ఇంటర్వ్యూలు రెండు. మొదటిది సాంకేతిక ఇంటర్వ్యూ. ఇందులో తరచూ వచ్చే ప్రశ్న: "మీ ప్రాజెక్టులో మీరు చేసిన పని ఏమిటి?" డబ్బిచ్చి కొన్న ప్రాజెక్టు అయితే రెండో ప్రశ్నకే దొరికిపోతారు. చిన్నదైనా సొంతంగా చేసినది మేలు. మొహల్లాలోని కిరాణా కొట్టుకు ఉద్దెర ఖాతాలు రాసుకునే చిన్న ప్రోగ్రాం చేసిన అమ్మాయి దాని గురించి అరగంట మాట్లాడగలదు. ఎక్కడ తప్పు వచ్చిందో, ఎలా సరిచేసిందో చెప్పగలదు. అడిగేవారికి కావలసింది అదే. తెలియని ప్రశ్న వస్తే "తెలియదు, ఇలా అయి ఉంటుందనుకుంటున్నాను" అని చెప్పడం తప్పు కాదు.

రెండోది హెచ్ఆర్ ఇంటర్వ్యూ. "మీ గురించి చెప్పండి" అంటే కుటుంబ చరిత్ర కాదు. చదివింది, చేసింది, ఈ ఉద్యోగానికి ఎందుకు పనికొస్తాను అన్నది ఒకటిన్నర నిమిషంలో చెప్పాలి. "కష్టమైన సందర్భాన్ని ఎలా ఎదుర్కొన్నారు?" అంటే పరిస్థితి ఏమిటి, తన బాధ్యత ఏమిటి, ఏమి చేశారు, ఫలితం ఏమిటి అనే నాలుగు భాగాలుగా చెబితే మాట దారి తప్పదు.

ఇక్కడే తల్లిదండ్రుల పాత్ర ఉంది. "బెంగళూరులో పోస్టింగ్ ఇస్తే వెళ్తారా? రాత్రి షిఫ్టు చేస్తారా?" అని తప్పక అడుగుతారు. "అబ్బాను అడిగి చెబుతాను" అనే జవాబు ఇంట్లో మర్యాదే. ఇంటర్వ్యూ గదిలో మాత్రం అది సిద్ధంగా లేరనే అర్థం ఇస్తుంది. ఆ సంభాషణ ఇంటర్వ్యూకు నెల ముందే ఇంట్లో జరగాలి. ఆడపిల్లల విషయంలో మరీ. హాస్టల్ ఎక్కడ, రాత్రి వాహనం ఉందా, ఆఫీసులో రక్షణ ఏమిటి అని అడగడం తల్లిదండ్రుల హక్కు. పది మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. ఈ సంగతి మన ఇళ్లలో తెలిస్తే సగం భయాలు తగ్గుతాయి.

హిజాబ్, గడ్డం, శుక్రవారం నమాజు గురించి పిల్లలు మొహమాటపడుతూ అడుగుతుంటారు. శుభ్రంగా, హుందాగా ఉన్న వేషం ఇంటర్వ్యూకు సరిపోతుంది. హిజాబ్‌తో, గడ్డంతో ఐటీ ఆఫీసుల్లో పనిచేస్తున్న మనవారు ఎందరో ఉన్నారు. నమాజు వేళ గురించి ఇంటర్వ్యూలో ఎవరూ అడగకపోతే ఎత్తనక్కర్లేదు. చేరిన తర్వాత టీమ్ లీడర్‌తో మర్యాదగా మాట్లాడి, ఆ సమయాన్ని భోజన విరామంతో సర్దుకోవచ్చు.

పేరు చూసి పక్కన పెడతారా?

ఈ ప్రశ్నను తల్లిదండ్రులు గొంతు తగ్గించి అడుగుతారు. దాటవేయకుండా జవాబు చెప్పాలి. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ అనే పరిశోధకులు పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే రకం అర్హతలతో, వేర్వేరు పేర్లతో దరఖాస్తులు పంపి చూశారు. 2007లో ప్రచురించిన ఆ అధ్యయనంలో ముస్లిం పేర్లకు, దళిత పేర్లకు పిలుపులు తక్కువ వచ్చాయి. కాబట్టి వివక్ష లేదని పిల్లలకు చెప్పడం నిజం కాదు.

అయితే ఆ అధ్యయనం పట్టుకున్నది కాగితం మీద పేరు చూసి మనిషి నిర్ణయం తీసుకునే చోటును. పెద్ద కంపెనీల సామూహిక నియామకాల్లో మొదటి జల్లెడ యంత్రం దిద్దే పరీక్ష. దానికి మార్కులే తెలుసు. ఆ మార్కు ఎంత ఎక్కువైతే తర్వాతి గదిలో మన పిల్లలు అంత బలంగా కూర్చుంటారు. పరీక్ష మెట్టు మీద ఖర్చు పెట్టమని దాతలను నేను కోరడానికి ఇది పెద్ద కారణం.

ఆరో మెట్టు: ఆఫర్ లెటర్

ఆఫర్ రాగానే మిఠాయిలు పంచుతాం. పంచే ముందు ఆ కాగితం పూర్తిగా చదవాలి. అందులో పెద్ద అక్షరాల్లో ఉండేది సీటీసీ, అంటే ఆ ఉద్యోగి మీద ఏడాదికి కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. చేతికి వచ్చే జీతం అది కాదు.

ఉదాహరణకు సీటీసీ 3,60,000 అనుకుందాం. నెలకు 30,000 వస్తుందని ఇంట్లో లెక్క వేస్తారు. మూల వేతనం నెలకు 15,000 అయితే, కంపెనీ కట్టే ప్రావిడెంట్ ఫండ్ 12 శాతం, అంటే 1,800. గ్రాట్యుటీ కింద పక్కన పెట్టేది సుమారు 720. ఆరోగ్య బీమాకు 500, పనితీరును బట్టి ఇచ్చే భాగం 1,500 అనుకుంటే ఇవన్నీ ముందే పోతాయి. మిగిలిన 25,480లో ఉద్యోగి వాటా ప్రావిడెంట్ ఫండ్ మరో 1,800, వృత్తి పన్ను 200 పోతే చేతికి వచ్చేది 23,480. ఉద్యోగి వాటా ప్రావిడెంట్ ఫండ్ సొమ్ము ఎక్కడికీ పోదు, ఉద్యోగి ఖాతాలోనే ఉంటుంది. కానీ 30,000 వస్తుందని నమ్మి అక్క పెళ్లికి వాయిదాల మీద అప్పు తీసుకున్న ఇంటికి ఈ తేడా నెలనెలా గుచ్చుకుంటుంది.

ఆఫర్ వచ్చినా చేరే తేదీ వెంటనే ఉండకపోవచ్చు. 2022 తర్వాత ఐటీ రంగం మందగించినప్పుడు ఆఫర్ అందుకున్నవారు నెలల తరబడి ఎదురుచూసిన సంగతి వార్తల్లో చదివాం. చేరే తేదీ వచ్చేదాకా ఇతర ప్రయత్నాలు ఆపకూడదు. ఇన్నేళ్లు పనిచేయాలి, మధ్యలో మానేస్తే ఇంత కట్టాలి అనే ఒప్పందం ఉంటే, సంతకానికి ముందు తెలిసినవారికి చూపించాలి. అసలు సర్టిఫికెట్లు చూపించడం వేరు, వదిలి రావడం వేరు. వదిలి రాకూడదు.

ఏడో మెట్టు: పత్రాల పరిశీలన

ఉద్యోగం ఖాయమైన తర్వాత కంపెనీ వేరే సంస్థ చేత పత్రాలు సరిచూపిస్తుంది. దీన్ని బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అంటారు. మన పిల్లలకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది: పేరు.

పదో తరగతి మెమోలో "ఎస్‌కే కరీముల్లా". ఆధార్‌లో "షేక్ కరీముల్లా". పాన్ కార్డులో "కరీముల్లా షేక్". మహమ్మద్ అనే పేరును ఇంగ్లీషులో ఒక కాగితంలో పూర్తిగా, ఒక దానిలో "ఎండీ" అని, ఇంకో దానిలో వేరే అక్షరాలతో రాస్తారు. అమ్మాయిల పేర్ల చివర బేగం, సుల్తానా, ఫాతిమా ఒక చోట ఉంటే మరో చోట ఉండవు. మనకు ఇవన్నీ ఒక్కరే. కంప్యూటర్‌కు ముగ్గురు. చేరాల్సిన వారంలో ఈ తేడా బయటపడితే అఫిడవిట్ల కోసం, దిద్దుబాట్ల కోసం పరుగులు పెట్టాలి. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే ఇస్తారు.

దీనికి అసలు మందు బడిలోనే ఉంది. మిగతా కాగితాలన్నిటికీ ఆధారం పదో తరగతి మెమో. ఆ మెమోలో పేరు ఎలా ఉండాలో పబ్లిక్ పరీక్షల నామినల్ రోల్స్ తయారయ్యేటప్పుడు నిర్ణయమవుతుంది. అంతకుముందే తల్లిదండ్రులు బడికి వచ్చి, ఆధార్ పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం సరిచూస్తే ఎనిమిదేళ్ల తర్వాత రావలసిన కష్టం రాదు. పొట్టి అక్షరాలు వద్దు, పూర్తి పేరు రాయించండి. ఇప్పటికే తేడాలున్నవారు చివరి సంవత్సరంలోకి రాగానే మెమోకు అనుగుణంగా మిగతావి సరిచేయించుకోవాలి.

ఈ పరిశీలనలోనే దొంగ అనుభవ పత్రాలు దొరికిపోతాయి. పని చేయకుండానే రెండేళ్లు చేసినట్టు కాగితం ఇప్పిస్తామనే దళారులు ఉన్నారు. చేరిన తర్వాత బయటపడినా ఉద్యోగం పోతుంది, పేరూ పోతుంది. అబద్ధం మీద వచ్చే సంపాదన మన ఇంటికి ఎందుకు వద్దో ఈ సంచిక పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు.

దాతలకు ఒక హెచ్చరిక

"ఉద్యోగం ఖాయమైంది, లక్ష కడితే చేర్చుకుంటారు" అంటూ సాయం కోసం వచ్చే కుటుంబాలను మీలో కొందరు చూసే ఉంటారు. దయచేసి ఆ డబ్బు ఇవ్వకండి. సరైన కంపెనీ ఏదీ ఉద్యోగం ఇవ్వడానికి అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోదు. రిజిస్ట్రేషన్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్, ట్రైనింగ్ ఛార్జి, బ్యాక్‌డోర్, ఏ పేరు పెట్టినా అది మోసానికి గుర్తు. మెయిల్ కంపెనీ సొంత చిరునామా నుంచి వచ్చిందా, జీమెయిల్ నుంచి వచ్చిందా చూడాలి. ఆ ఉద్యోగం కంపెనీ వెబ్‌సైటులో ఉందా చూడాలి. డబ్బు ఇప్పటికే కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయించాలి. గంటల్లో చేస్తే సొమ్మును ఖాతాలో ఆపే అవకాశం ఉంటుంది.

మన సంఘాలు చేయదగినవి

మొదటిది, ఒక నిశ్శబ్దమైన గది. నాలుగు కంప్యూటర్లు, కెమెరాలు, మంచి ఇంటర్నెట్, ఇన్వర్టరు. పరీక్ష ఉన్న పిల్లలు ముందుగా పేరు రాయించుకుని వచ్చి రాసుకుంటారు. అమ్మాయిలకు వేరుగా వేళలు పెట్టవచ్చు. ఇది ఒకసారి పెట్టే ఖర్చు, ఏళ్ల తరబడి పనికొస్తుంది.

రెండోది, ఆదివారం తరగతి. లెక్కలు, తర్కం, ఇంగ్లీషు మాట్లాడటం. రిటైరైన ఉపాధ్యాయులు మనలో ఎందరో ఉన్నారు, అడిగితే వస్తారు. పాఠాల కోసం స్వయం, ఎన్‌పీటెల్ ఉన్నాయి, అక్కడ ఉచితంగా నేర్చుకోవచ్చు. తెలంగాణలో టాస్క్, ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ నడిపే శిక్షణలకు పిల్లలను చేర్పించే బాధ్యత సంఘం తరఫున ఒకరు తీసుకోవాలి.

మూడోది, నమూనా ఇంటర్వ్యూలు. గచ్చిబౌలిలో, మాదాపూర్‌లో పనిచేస్తున్న మన యువతీ యువకులు నెలకు రెండు గంటలు ఇస్తే చాలు. వాళ్లలో కొందరు ఇదే సాయంతో చదివినవారు. డబ్బు ఇవ్వలేకపోయినా ఈ సమయం ఇవ్వగలరు.

నాలుగోది, తొమ్మిదో తరగతి పిల్లలకు ఏడాదికి ఒకసారి పేర్ల శిబిరం. ఆధార్, జనన ధ్రువపత్రం, బడి రికార్డు మూడూ పక్కపక్కన పెట్టి సరిచూడటం. ఇద్దరు ఉపాధ్యాయులు, ఒక మీ సేవ ఆపరేటరు ఉంటే ఒక్క రోజులో పని అవుతుంది.

అయిదోది, చేరిక నిధి. ఉద్యోగంలో చేరిన పిల్లవాడికి మొదటి జీతం అందేది నెల పని చేశాకే. ఈలోపు ప్రయాణం, హాస్టల్ అడ్వాన్సు, రెండు జతల బట్టలు కావాలి. ఈ చిన్న మొత్తం లేక వచ్చిన ఉద్యోగాన్ని వదులుకునేవారూ ఉన్నారు. దీన్ని కర్జె హసనాగా, వడ్డీ లేని అప్పుగా ఇస్తే జీతం వచ్చాక తిరిగి వస్తుంది. అదే డబ్బు తర్వాతి ఏడాది ఇంకొకరికి చేరుతుంది.

పిల్లలకు ఒక మాట. పది చోట్ల దరఖాస్తు చేస్తే ఏడు చోట్ల నుంచి జవాబే రాకపోవచ్చు. కంపెనీల మౌనం మీ విలువకు తూకం కాదు. ఏ మెట్టు దగ్గర ఆగారో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. పరీక్షలో ఆగితే లెక్కలు, ఇంటర్వ్యూలో ఆగితే ప్రాజెక్టు, మాటల్లో ఆగితే ఇంగ్లీషు. ఆగిన చోటే సాధన చేయండి. చాలా కంపెనీలు కొన్ని నెలల తర్వాత మళ్లీ దరఖాస్తు చేయనిస్తాయి.

దాతలకు చివరగా ఒక విన్నపం. ఫీజు సాయం ఎంతమందికి అందిందో ప్రతి సంఘమూ ఏటా లెక్క చెబుతుంది. ఆ అంకె పక్కనే ఎంతమంది పరీక్ష రాశారు, ఎంతమంది ఇంటర్వ్యూ దాకా వెళ్లారు, ఎంతమంది చేరారు అనే మూడు అంకెలు కూడా వచ్చే ఏడాది సంచికలో అచ్చు వేయమని అడగండి. మీరు అడిగితే ఆ లెక్క రాయడం మొదలవుతుంది. రాయడం మొదలైతే పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో మనందరికీ కనిపిస్తుంది. అక్కడ చేయి అందించే శక్తి మన సమాజానికి ఉంది, ఇన్‌షా అల్లాహ్.